సరిగా సాగని పని

తిరుపతి,
ధనుర్మాసం, ఆదివారం పొద్దున.

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కవరు బుధవారం చేరింది. చిత్తూరు నుంచి తిరుపతికి బస్సు రెండు గంటల్లో వస్తుంది, నీ ఉత్తరానికి మాత్రం నాలుగు రోజులు పట్టింది. ఫోన్లో పంపితే మీరు చదవరని పోస్టులో వేశాను అన్నావు. నిజమే, ఫోన్లో చదివింది నాకు చదివినట్టుండదు. తెల్లారుజామున గుడి వైపు నుంచి మైకులో తిరుప్పావై వినపడుతుంటే, మంకీ క్యాప్ పెట్టుకుని, కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని నీ వ్యాసం మూడోసారి చదివాను. 'స్వరాక్షరం: అర్థం, పుట్టుక, మాటలాట' అని పేరు పెట్టావు. వెనక ఒక గళ్ళనుడికట్టు కూడా పిన్ను కొట్టావు. 'అయ్యవారూ, మొహమాటం లేకుండా చెప్పండి' అన్నావు. మొహమాటాన్ని రిటైరైన రోజునే బడిలో వదిలేసి వచ్చాను కాబట్టి చెబుతాను.

నిర్వచనం బాగా కుదిరింది. పాటలో మాట ఏ అక్షరమో, దాన్ని పాడే స్వరం పేరూ, అంటే సరిగమపదనిల్లోది, అదే అయితే స్వరాక్షరం. 'ప' అన్న అక్షరం పంచమం మీద, 'మ' అన్నది మధ్యమం మీద పడాలి. అచ్చంగా పడితే శుద్ధ స్వరాక్షరం. హల్లు మాత్రం కలిసి గుణింతం మారితే, అంటే 'ప' బదులు 'పు' వచ్చి పంచమం మీద కూర్చుంటే, సూచిత స్వరాక్షరం. సంగీతం రాని మా పక్కింటావిడకు చదివి వినిపించాను, ఆవిడకీ అర్థమైంది. ఒక్కచోట జారావు. 'సాగర' అన్న మాటను శుద్ధంలో వేశావు. 'సా', 'గ' సరే. చివర ఉన్నది 'ర', 'రి' కాదు. అది సూచితమే.

ఆ వెంటనే 'ఈ అద్భుత ప్రక్రియ మన పూర్వీకుల మేధాశక్తికి తార్కాణం' అని రాశావు చూడు, ఆ వాక్యం కొట్టెయ్. వడియాల మీద వ్యాసం రాసినా అది అతుకుతుంది, వంతెన మీద రాసినా అతుకుతుంది. ఎక్కడైనా అతికే వాక్యం నువ్వు రాసింది కాదమ్మా, ఊళ్ళో తిరుగుతుంటే నీ కాగితం మీదకొచ్చి పడుకుంది.

పుట్టుక దగ్గర నువ్వు మరీ తొందరపడ్డావు. 'స్వరం అంటే సంగీత ధ్వని, అక్షరం అంటే రాత, రెండూ కలిస్తే స్వరాక్షరం' అని మూడు ముక్కల్లో దాటేశావు. అసలు సరుకంతా అక్కడే ఉంది. వ్యాకరణంలో స్వరం అంటే ఏమిటి? అచ్చు. పతంజలి మహాభాష్యంలో 'స్వయం రాజంతే' అని చెప్పాడు: తమంతట తాము వెలిగేవి స్వరాలు. హల్లుకు ఆ భాగ్యం లేదు, అచ్చును అంటిపెట్టుకుని నడవాల్సిందే. 'క' అనకుండా 'క్' ఒక్కదాన్ని ఎంతసేపు పలుకుతావో పలుకు చూద్దాం. మతంగుడు బృహద్దేశిలో ఇదే వ్యుత్పత్తిని సంగీతంలోకి తెచ్చాడు, తనంతట తాను వెలిగేది కాబట్టి స్వరం అన్నాడు. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో దానికి రంజకత్వం కూడా చేర్చాడు, వినేవాడి మనసును తనంతట తాను రంజింపజేసేది అని. వేదం వల్లించేవాళ్ళకు ఉదాత్తం, అనుదాత్తం, స్వరితం అనే గొంతు హెచ్చుతగ్గులు కూడా స్వరాలే. ఇక 'అక్షరం' అంటే రాత కాదు. క్షరం కానిది, నశించనిది.

ఇప్పుడు నీ నిర్వచనాన్నే మళ్ళీ చూడు. సూచిత స్వరాక్షరంలో గుణింతం మారిపోతుంది, అంటే అచ్చు జారిపోతుంది, హల్లు ఒక్కటే మిగులుతుంది. అచ్చునే కదా వ్యాకరణం స్వరం అన్నది! వ్యాకరణం చెప్పే స్వరం పోయాక కూడా సంగీతం చెప్పే స్వరం నిలబడుతోంది. ఈ వింత నీ వ్యాసంలోనే ఉంది, నువ్వు చూడకుండా దాని మీంచి నడిచి వెళ్ళిపోయావు. మాట పుట్టుక చెప్పడమంటే నిఘంటువు తెరిచి ధాతువు దించుకోవడం కాదు. ఆ పాత అర్థం ఇప్పటి వాడుకలో ఎక్కడ గుచ్చుకుంటోందో చూడాలి. వీలైతే మామూలు వాడుకను కూడా ఒక వాక్యంలో పట్టు. ఎన్నికలు రాగానే పత్రికలు 'స్వరం మార్చిన నేత' అని హెడ్డింగు పెడతాయి. ఆయన గొంతు మారలేదు, శ్రుతి అసలు ముందే లేదు, మారింది మాట. జనం స్వరానికీ మాటకూ తేడా ఎప్పుడో చెరిపేశారు.

సప్తస్వరాల పేర్ల దగ్గర ఇంకో తమాషా వదిలేశావు. 'పేర్లలో మొదటి అక్షరాలు తీసి సరిగమలు చేశారు' అని రాశావు. ఒకసారి వేళ్ళ మీద లెక్కపెట్టు. షడ్జం, ఋషభం, గాంధారం, మధ్యమం, పంచమం, ధైవతం, నిషాదం. షడ్జం మొదటి అక్షరం 'ష', మనం పాడేది 'స'. ఋషభంలో ఉన్నది 'ఋ', దాన్ని తెలుగువాళ్ళం 'రు' అంటాం, రుషి అన్నట్టు. పాటలో మాత్రం 'రి'. ధైవతంలో ఒత్తు 'ధ', మన సంగీత పుస్తకాల్లో ఎక్కువగా కనపడేది మామూలు 'ద'. ఏడింటిలో మూడు తలకాయలు మారిపోయాయి. గాంధారంలో దీర్ఘం కూడా ఎగిరిపోయింది. పలకడానికి, పరిగెత్తడానికి వీలుగా నాలుక తన పని తాను చేసుకుంది. ('షడ్జం' అంటే ఆరింటి నుంచి పుట్టింది అని ఒక అర్థం. ముక్కు, గొంతు, రొమ్ము, అంగిలి, నాలుక, పళ్ళు అని ఆ ఆరూ చెబుతారు. నువ్వు దీన్ని వదిలేసినా నష్టం లేదు, నాకు ఇష్టం కాబట్టి రాశాను.)

ఆ 'ధ' కాస్తా 'ద' కావడం తెలుగువాడికి వచ్చిన అదృష్టం. 'పద' అన్న మాట వచ్చింది. పద అంటే బయల్దేరు. పదం అంటే మాట, అడుగు, క్షేత్రయ్య రాసిన పాట. సరి, మరి, దారి, పని, గని, గరిమ, నిగమ, చీరకు వేసే సరిగ, అన్నీ ఈ ఏడింటిలోంచి వచ్చినవే. గుణింతం మీద కాస్త చూసీ చూడనట్టు పోతే 'మా దారి మాది, నీ దారి నీది' అని అన్నదమ్ములు వేరు పడొచ్చు కూడా. సరిగమలతో ఆడుకోవాలని తెలుగు రాసే ప్రతివాడికీ ఏదో ఒక వయసులో చెయ్యి దురదపెడుతుంది. నాకు 26వ ఏట పెట్టింది.

అప్పుడే తెలుగు పండితుడిగా ఉద్యోగంలో చేరాను. బడి వదిలాక గాంధీరోడ్డు వెనక సందులో సంగీతం చెప్పే ఒక పెద్దాయన ఇంటి అరుగు మీద కూర్చునేవాణ్ణి. నాకు పాడటం రాదు, వినడం వచ్చు. నెల రోజులు కుస్తీ పట్టి ఒక వాక్యం కట్టాను.

సరిగా సాగని పని మాని పద.

12 అక్షరాలు. ఒక్కటి కూడా బయటిది కాదు. స, రి, గ, మ, ప, ద, ని, ఏడూ వచ్చేశాయి. గుణింతం కూడా చెదరలేదు, దీర్ఘాలు తప్ప అన్నీ శుద్ధంగా ఉన్నాయి. దానికితోడు అర్థమూ ఉంది. కుదరని పని వదిలేసి బయల్దేరు అని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రాయలవారి సభలో కూర్చున్నట్టు ఉంది.

మర్నాడు పెద్దాయనకు చూపించాను. ఆయన కళ్ళజోడు సరిచేసుకుని, తంబురా మీటి, అక్షరం ఏదైతే స్వరం అదేగా పాడటం మొదలుపెట్టారు. 'సరిగా' దాకా హాయిగా మెట్లెక్కాడు మనిషి. 'సా' అనగానే మళ్ళీ కిందికి దూకాడు. 'గని' దగ్గర గాంధారం నుంచి నిషాదానికి ఒక్క గెంతు, మధ్యలో మ, ప, ద మూడింటినీ దాటేసి. అక్కణ్ణుంచి 'పనిమానిపద' అంతా పైకీ కిందికీ, కొబ్బరి చెట్టెక్కిన కోతి లాగా. పాట నేర్చుకోవడానికి వచ్చిన చిన్నపిల్లలు గోడ పక్కకు తిరిగి నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. తంబురా పక్కన పెట్టి, "లెక్క సరిపోయింది నాయనా. పాట యాడుంది?" అన్నారు.

తర్వాత ఆయన శ్యామశాస్త్రి కాంభోజి కీర్తన 'దేవీ నీ పదసారస' ఎత్తుకున్నారు. అమ్మవారి పాదపద్మాలే దిక్కు అని దాని అర్థం. నీ వ్యాసంలో దాని పేరు ఉంది, ఒక కామా పెట్టి తర్వాతి దానికి వెళ్ళిపోయావు. అక్కడ ఆగు. కాంభోజి రాగం పైకి వెళ్ళేటప్పుడు నిషాదాన్ని ముట్టదు. స, రి, గ, మ, ప, ద, ఆ వెంటనే పై స. అంటే 'ప ద సా' అనేది ఆ రాగం ఇంటికి వెళ్ళే మామూలు దారి. భక్తుడు 'పదసారస' అంటాడు, రాగం కూడా అదే సమయంలో తన దారిన తాను 'ప ద సా' అంటుంది. ఎవరూ ఎవరి కోసమూ పక్కకు జరగలేదు. స్వరం తీసేసి చదివితే అది నిండైన మాట. మాట తీసేసి పాడితే అది నిఖార్సైన కాంభోజి. వినేవాళ్ళలో నూటికి తొంభైమందికి అక్కడ ఒక ఆట జరిగిందని కూడా తెలియదు. తెలియకపోయినా ఏదో బాగుందని తల ఊపుతారు.

నా వాక్యంలో ఆట తప్ప ఇంకేమీ లేదు. కుదరని పని వదిలేసి పొమ్మని ఎవరు, ఎవరికి, ఎందుకు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. అక్షరాలు దొరికాయి కాబట్టి నేను చెప్పాను. నీకు చెప్పాలనుకుంటున్న మాట నాకు ఆ అరుగు మీద దొరికింది. మాటతో ఆట ఆడు, నేనూ ఆడతాను, ఇప్పటికీ మానలేదు. అయితే ఆ మాట ఆ ఆట కోసం కాకపోయినా అక్కడికి వచ్చి ఉండేదా అని అడుగు. వచ్చి ఉండేదైతే ఉంచు.

అలాగని నూటికి నూరు పాళ్ళూ ఆటే అయిన రచనలు పెద్దవాళ్ళు చెయ్యలేదా అంటావు. చేశారు. రామస్వామి దీక్షితులు తోడి రాగంలో సాహిత్యమంతా సప్తస్వరాల అక్షరాలతోనే నడిపిన వర్ణం ఉంది. ఆయనే 108 రాగాలు, తాళాలు గుచ్చి ఒక మాలిక కట్టారు. అంతటి విద్వాంసుడు అప్పుడప్పుడూ ఒళ్ళు విరుచుకుంటాడు, తప్పులేదు. ఆయన కొడుకు ముత్తుస్వామి దీక్షితులు ఏం చేశారో చూడు. ఆయన పాటకు శ్రీకారం చుట్టింది తిరుత్తణిలో. 1960 దాకా అది మన చిత్తూరు జిల్లాలోదే, కాబట్టి కాస్త గర్వం మనకూ చెల్లుతుంది. ఆనందభైరవిలో 'త్యాగరాజ యోగ వైభవం' అని మొదలుపెట్టి తల దగ్గర్నుంచి కోస్తూ వస్తారు. అగరాజ యోగ వైభవం, రాజ యోగ వైభవం, యోగ వైభవం, వైభవం, భవం, వం. ఆవు తోకలా సన్నబడుతుంది కాబట్టి గోపుచ్ఛం అన్నారు. కత్తి వేసిన ప్రతిచోటా మిగిలిన ముక్కకు అర్థం ఉంది. 'త్యా' కాస్తా 'అ' అయితే కొండలరాజు మిగిలాడు, 'అగ' కూడా పోతే రాజయోగం మిగిలింది, 'వై' పోతే సంసారం మిగిలింది, చివరి ఒంటి అక్షరం కూడా బీజాక్షరమే. నీకు స్వరాక్షరం మీద వ్యాసం కాబట్టి దీన్ని రాయకు. నీ బల్ల ముందు గోడకు అంటించుకో.

మన అవధానంలో దత్తపది కూడా ఇదే పరీక్ష. పృచ్ఛకుడు 'సరి, గరి, మరి, దరి' అని నాలుగు ముక్కలు పడేసి, వీటితో సీతాకల్యాణం చెప్పమంటాడు. ముక్కలు ఎక్కడ దాగాయో సభ వెతుక్కోవాల్సి వస్తే చప్పట్లు, ముక్కలు పంటి కింద రాయిలా తగిలితే దగ్గులు. (తిరుపతి వేంకట కవులు మన ఊరివాళ్ళని చిన్నప్పుడు నా గట్టి నమ్మకం. వాళ్ళది గోదావరి సీమ, తిరుపతి అన్నది దివాకర్ల తిరుపతిశాస్త్రి గారి పేరని తెలిశాక వారం రోజులు దిగులుపడ్డాను.)

ఇప్పుడు నీ వ్యాసంలోని పెద్ద పొరపాటు. 'నిగమ నిగమాంత వర్ణిత అన్న కీర్తనలో అన్నమయ్య ని, గ, మ అనే మూడు స్వరాలను చమత్కారంగా పొదిగాడు' అని రాశావు. ఎంత బాగుందో! ని, గ, మ మూడూ స్వరాలే, నిగమం అంటే వేదం, పైగా అన్నమయ్య మనవాడు. ఇంత బాగున్న మాట దొరికినప్పుడే భయపడాలి. నువ్వెప్పుడైనా తిరుమలలో మ్యూజియంలో రాగిరేకులు చూశావా? అన్నమయ్య 1408 నుంచి 1503 దాకా బతికాడు. తాళ్ళపాక వారి పాటలు రేకుల మీద చెక్కించి గుళ్ళో సంకీర్తన భాండాగారంలో దాచారు. అవి బయటపడ్డాక వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి కూర్చుని చదివి అచ్చుకు తెచ్చారు. ఆ రేకుల్లో కీర్తన తలమీద రాగం పేరు ఉంటుంది. ఏ అక్షరాన్ని ఏ స్వరం మీద పాడాలో ఉండదు. మనం ఇవాళ వింటున్న వరుసల్లో చాలా మటుకు గత వందేళ్ళలో రాళ్ళపల్లి వారు, నేదునూరి కృష్ణమూర్తి, బాలకృష్ణప్రసాద్ వంటివారు కట్టినవి. కాబట్టి ఒక వరుసలో 'నిగమ' అన్న మాట నిజంగానే ని, గ, మ మీద పడినా, ఆ మార్కులు వరుస కట్టినవారికి వెయ్యాలి. మాట మాత్రం అన్నమయ్యది.

కోపం తెచ్చుకోకు. ఇదే తప్పు నేను అచ్చులో చేశాను. అప్పట్లో ఒక మాసపత్రికకు రాసిన వ్యాసంలో అన్నమయ్య స్వరాక్షరాలని రెండు పేజీలు దంచాను. అది చదివి ఆ అరుగు పెద్దాయన వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు 'రేకు మీద చూసినావా, రికార్డులో విన్నావా?' అని ఒక్క ప్రశ్న వేశారు. అన్నమయ్యనే తేవాలని నీకు ఉంటే వేరే దారి ఉంది. ఆయన సంస్కృతంలో సంకీర్తన లక్షణం రాశాడు, అది మనకు దక్కలేదు. మనవడు చిన తిరుమలాచార్యుడు తెలుగులో చెప్పిన సంకీర్తన లక్షణం దక్కింది. పదానికి పల్లవి ఎలా ఉండాలి, చరణం ఎలా ఉండాలి అని ఆ ఇంటివాళ్ళే చెప్పిన పుస్తకం. తిరుపతిలో ఏ పెద్ద గ్రంథాలయంలోనైనా అడుగు.

ఇక గళ్ళనుడికట్టు. ఇక్కడ నాకు నీ వ్యాసంలో కంటే ఎక్కువ ఆశ కనపడింది, ఎక్కువ టెన్షన్ కూడా వచ్చింది. ఒకటి నిలువు 'సరిగమ', ఒకటి అడ్డం 'సాగని'. రెండింటికీ మొదటి గడి ఒకటే. నిలువుకు అక్కడ 'స' కావాలి, అడ్డానికి 'సా' కావాలి. కింద చిన్న అక్షరాల్లో 'సంగీతంలో రెండూ ఒకటే కదా' అని రాసుకున్నావు. సంగీతంలో ఒకటే. అక్కడ 'సా' అంటే 'స'నే ఇంకాస్త సేపు నిలబెట్టడం, స్వరం మారదు, కాలం మారుతుంది. గడిలో కాలం లేదు, చోటే ఉంది. ఇంగ్లీషువాడి గడిలో ఒక ఒంటి అక్షరం ఉంటుంది. మన గడిలో హల్లు, గుణింతం, ఒత్తు, సున్నా అన్నీ కలిసి ఒకే ఇంట్లో కాపురం ఉంటాయి. దీర్ఘాన్ని బయటికి గెంటే హక్కు నీకు లేదు. ఆదివారం పూట పెన్సిల్ పట్టుకుని కూర్చున్నవాడికి నీ సంజాయిషీ వినపడదు, నిన్ను తిట్టుకుని పేపరు మడిచేస్తాడు.

ఆధారాలు మరీ చప్పగా ఉన్నాయి. 'సంగీతంలో మొదటి నాలుగు స్వరాలు (4)' అంటే అది ప్రశ్న కాదు, పరీక్షలో ఒక మార్కు బిట్టు. ఆధారం రెండు ముఖాలతో ఉండాలి. ఒక ముఖం దారి తప్పించాలి, రెండోది న్యాయంగా దారి చూపించాలి. నేను వేసుకున్నవి కొన్ని చెబుతాను, వాడుకున్నా పరవాలేదు. 'పిల్లనిచ్చిన జంట స్వరం (2)'. మామ. సరళి స్వరాలయ్యాక జంట స్వరాలు నేర్పుతారని తెలిసినవాడు ఒక వైపు నుంచి వస్తాడు, పెళ్ళైనవాడు ఇంకో వైపు నుంచి వస్తాడు. 'క్షేత్రయ్య సున్నా పోగొట్టుకుంటే బయల్దేరమన్నాడు (2)'. పదంలో సున్నా పోతే పద. 'వేస్తే ఇల్లు భద్రం, తప్పితే పాట ఛిద్రం (2)'. తాళం. నాకు అన్నిటికంటే ఇష్టమైనది, 'మొగుణ్ణి వెనక్కి తిప్పితే వేదం (3)'. మగని అన్న మాటను చివరి నుంచి చదువు, నిగమ వస్తుంది. మా ఆవిడకు మాత్రం అది నచ్చలేదు. 'తిప్పినా తిప్పకపోయినా మీరు వల్లించేది అదే' అంది.

చూశావా, నా పన్నెండక్షరాల వాక్యం పాటలో చచ్చిపోయింది, గళ్ళలో అయితే దానికి చోటుండేది. గళ్ళలో ఆటే గొప్ప, రాగం పనిలేదు. ఏ ఆట ఏ మైదానంలో ఆడాలో నీ వ్యాసంలో కలగాపులగమైంది. స్వరాక్షరాన్ని, నుడికట్టును, దత్తపదిని ఒకే గంపలో వేసి 'మాటలాటలు' అన్నావు. విడగొట్టు. చివర్లో యూరప్ సంగతి తెచ్చావు, అది ఉంచు. జర్మన్ సంగీతకర్త బాక్ తన ఇంటిపేరులోని నాలుగు రోమన్ అక్షరాలు బి, ఎ, సి, హెచ్‌లను జర్మన్ స్వరాల పేర్లుగా వాడి, చివరి ఏళ్ళలో పూర్తికాని ఫ్యూగ్ అనే రచనలో పెట్టుకోవడం మంచి ఉదాహరణే. జర్మన్‌వాళ్ళకు హెచ్ అనే స్వరం ఉండబట్టి ఆ పేరు పలికింది, మనకు 'ద' ఉండబట్టి 'పద' పలికినట్టు. ఆ ఒక్క పోలిక రాసి ముగించు. మిగతా రెండు పేరాలు ఎవరో చెప్పింది దించినట్టున్నాయి.

ఇప్పుడు చెయ్యాల్సింది. వ్యాసం వారం రోజులు ముట్టుకోకు. ఆ కాంభోజి కీర్తన ఇద్దరు ముగ్గురు పాడింది విను, ప్రతిసారీ 'పదసా' దగ్గర వేలితో బల్ల మీద మూడు దెబ్బలు వెయ్యి. మీ చిత్తూరులో సంగీతం చెప్పేవాళ్ళు ఎవరైనా ఉంటే స్వరాలు రాయించుకో, సిగ్గుపడకు. వాళ్ళకు అడిగేవాళ్ళు లేకే నోరు ఊరుకుంటోంది. సెలవుల్లో తిరుపతి వస్తే మహతి ఆడిటోరియంలో ఏదో ఒక కచేరీకి తీసుకెళ్తాను. మహతి అంటే నారదుడి వీణ పేరు. ఆటోవాళ్ళకు మాత్రం అదొక స్టాపు.

నుడికట్టులో ఒకటి అడ్డం మార్చి పంపు. 'సాగని' బదులు 'సరిగ' పెట్టుకుంటే మొదటి గడి గొడవ తీరిపోతుంది, ఆధారం మాత్రం కొంచెం బుర్రపెట్టి రాయి. ఆరు నిలువు నాకు ఇంతవరకూ రాలేదు, 'ఏడుస్తూ వచ్చిన ఎలుక (3)' ఏమిటి తల్లీ? మూడు రోజులుగా వెంటపడుతోంది. జవాబు అదే కవర్లో పెట్టకు, విడిగా రాయి. ఈసారి తూకం వేయించి స్టాంపులు సరిగా అంటించు. పోయినసారి పోస్టుమ్యాన్‌కు నేను డబ్బు కట్టి విడిపించుకున్నాను.

మీ అమ్మానాన్నలను అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ అయ్యవారు